పెదవి ముందు, మాట వెనక

పాత డీవీడీలోని రికార్డింగును ఎడిటింగ్ కోసం కంప్యూటర్‌లోకి మార్చుకుంటాం. ప్లేయర్‌లో అంతా బాగానే ఉంటుంది. మార్చిన ఫైలును టైమ్‌లైన్ మీద పెట్టగానే పెదవులు కదలడం ఒకచోట, మాట వినపడటం ఇంకొకచోట. చాలామంది వెంటనే ఆడియోను అటూ ఇటూ జరపడం మొదలుపెడతారు. మొదట్లో కుదిరితే చివర్లో తప్పుతుంది, చివర సరిచేస్తే మొదలు చెడుతుంది. అలా గంటలు పోతాయి. ఏదైనా జరిపే ముందు ఆ తేడా ఎలాంటిదో చూడండి.

డీవీడీలో బొమ్మ వేరు, శబ్దం వేరు. ఎంపెగ్-2 పద్ధతిలో కుదించిన వీడియో, ఏసీ-3 లేదా ఎంపీ2 లాంటి ఆడియో చిన్న చిన్న ప్యాకెట్లుగా ఒకే వీఓబీ ఫైల్లో కలగలిసి ఉంటాయి. ఏ ఫ్రేము ఎప్పుడు చూపాలో, ఏ శబ్దం ఎప్పుడు వినిపించాలో చెప్పేవి వాటితో పాటు ఉండే టైమ్‌స్టాంపులు. సెకనును 90,000 భాగాలు చేసి లెక్కపెట్టేంత సూక్ష్మమైన గడియారం అది. ప్లేయర్ వాటిని చూసుకుంటూ నడుస్తుంది. కొన్ని కన్వర్టర్లు మాత్రం బొమ్మను, శబ్దాన్ని విడదీసి, టైమ్‌స్టాంపులు పారేసి, రెండింటినీ సున్నా నుంచి మొదలుపెడతాయి. గొడవంతా అక్కడే.

చప్పట్లో, తలుపు వేసిన చప్పుడో, బొమ్మలోనూ శబ్దంలోనూ స్పష్టంగా తెలిసే క్షణాలను రికార్డింగు మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కొక్కటి పట్టుకోండి. మూడుచోట్లా తేడా ఎంతో కొలిచి రాసుకోండి.

మూడుచోట్లా ఒకటే ఉంటే అదృష్టమే. బొమ్మ, శబ్దం ఒకే క్షణంలో మొదలవలేదని అర్థం. విడదీసే సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ తేడాను మిల్లీసెకన్లలో ఆడియో ఫైలు పేరులోనే రాసిపెడతాయి. అంత జరిపితే చాలు.

తేడా క్రమంగా పెరుగుతూ పోతే వేగం తప్పిందన్నమాట. 1953లో అమెరికా ఎన్‌టీఎస్‌సీ అనే కలర్ టీవీ ప్రమాణాన్ని ఆమోదించినప్పుడు, రంగుల సంకేతం శబ్ద సంకేతంతో కలిసి తెరమీద గీతలు పుట్టించకుండా ఫ్రేముల వేగాన్ని సెకనుకు 30 నుంచి సుమారు 29.97కు తగ్గించారు. ఎన్‌టీఎస్‌సీ డీవీడీలు ఈనాటికీ అదే వేగంతో నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని 30 అనుకుంటే బొమ్మ వెయ్యింట ఒకవంతు ముందుకు పరుగెడుతుంది. వినడానికి ఎంతో చిన్నది, కానీ గంటకు 3.6 సెకన్లు. మీరు కొలిచిన తేడా ఈ లెక్కకు సరిపోతే ఆడియోను సాగదీయకండి. ఫ్రేము రేటు సరిచేయండి. వీడియో క్యాప్చర్ చేసేటప్పుడు శబ్దాన్ని వేరే సౌండ్ కార్డు రికార్డు చేసి ఉంటే మాత్రం రెండు గడియారాలూ ఒకే వేగంతో నడిచి ఉండవు. అప్పుడు ఆడియోను కొద్దిగా సాగదీయక తప్పదు.

అన్నిటికన్నా విసిగించేది మూడోది: కాసేపు బాగుండి, ఉన్నట్టుండి తప్పి, కాసేపయ్యాక ఇంకాస్త తప్పడం. రికార్డర్‌ను మధ్యలో ఆపి మళ్లీ నొక్కినచోట, డిస్కు మీద గీతపడి డేటా అందనిచోట ఇలా జరుగుతుంది. మన దేశంలో, యూరప్‌లో వాడిన పాల్ టీవీ పద్ధతిలో ఒక వీడియో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఏసీ-3లో ఒక ఆడియో ఫ్రేము 32. ఈ రెండు కొలతలూ ప్రతి 160 మిల్లీసెకన్లకు ఒకసారే కలుస్తాయి. కాబట్టి ఆపినచోట బొమ్మ, శబ్దం అంచులు చాలాసార్లు సరిగ్గా ఒకేచోట తెగవు. టైమ్‌స్టాంపులు చూడకుండా ముక్కలను ఒకదాని వెనక ఒకటి అతికిస్తే ప్రతి అతుకు దగ్గరా కొంచెం తేడా పోగుపడుతుంది. ఇక్కడ ఆడియో మొత్తాన్ని జరిపినా సాగదీసినా పని జరగదు. టైమ్‌స్టాంపులను గౌరవించే సాధనం కావాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆడియోను టైమ్‌స్టాంపుల ప్రకారం సర్దే ఫిల్టర్ ఉంది. ఖాళీ వచ్చినచోట నిశ్శబ్దం నింపుతుంది, ఎక్కువైనచోట కత్తిరిస్తుంది. అదీ కుదరకపోతే ఆగినచోటల్లా ముక్క చేసి, ఒక్కో ముక్కనూ విడిగా మార్చుకోవాలి. శ్రమే, కానీ మళ్లీ తీయలేని రికార్డింగు కోసం ఆ శ్రమ పడవచ్చు.

ఒకటి మరచిపోకూడదు. వీఓబీ ఫైళ్లు 1 జీబీ దగ్గర తెగుతాయి. అది పరిమాణం కోసం కోసిన కోత, సన్నివేశం ముగిసిన చోటు కాదు. ఒక టైటిల్‌కు, అంటే డిస్కులోని ఒక పూర్తి కార్యక్రమానికి, చెందినవన్నీ వరుసగా కలిపి ఒకటిగా ఇవ్వండి. మార్చేటప్పుడు ఫ్రేము రేటు స్థిరంగా, ఆడియో కుదించని పీసీఎంగా, డీవీడీలో ఉన్నట్టే 48 కిలోహెర్ట్జ్‌లో ఉంచండి.

ఎంత సరిచేసినా ఒక ఫ్రేము అటో ఇటో మిగలవచ్చు. అప్పుడు శబ్దాన్ని వెనకవైపే ఉంచండి. 1998 నాటి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) సిఫారసు ప్రకారం మాట సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు, వెనకబడితే మాత్రం 125 దాకా గమనించడు. దూరంగా ఎవరో సుత్తితో కొడితే దెబ్బ ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. 34 మీటర్ల దూరానికే సెకనులో పదోవంతు ఆలస్యం. మన మెదడు పుట్టినప్పటి నుంచీ ఆ వరుసకే అలవాటుపడింది. పెదవి కదలకముందే మాట వినిపించడం దానికి ఎన్నడూ ఎదురుకాని సంగతి.