సెల్ఫ్ తీసుకోని కారు, సందు వదిలిన క్లాంపు

హెడ్‌లైట్లు బాగానే వెలుగుతాయి, హారన్ గట్టిగానే మోగుతుంది. తాళం తిప్పితే మాత్రం 'టిక్' మన్న ఒక్క చప్పుడు వచ్చి ఇంజను ఊరుకుంటుంది. మెకానిక్కులు 'సెల్ఫ్ తీసుకోవడం లేదు' అనే ఈ స్థితిలో చాలామంది బ్యాటరీ ఆయుష్షు తీరిందనుకుని కొత్తదాని ధర వాకబు చేస్తారు. అంతకంటే ముందు, బండి ఆపి ఉన్నప్పుడు, బ్యాటరీ మీది సీసపు టెర్మినల్‌కు తీగను పట్టి ఉంచే క్లాంపును చేత్తో తిప్పి చూడాలి. అది కాస్తయినా కదిలితే, చాలా సందర్భాల్లో లోపం దొరికినట్టే.

లైట్లు వెలిగించే బ్యాటరీ ఇంజనును ఎందుకు తిప్పలేకపోతుందో ఓమ్ సూత్రం చెబుతుంది. క్లాంపుకూ టెర్మినల్‌కూ నడుమ 0.02 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి తీసుకునే సుమారు 9 ఆంపియర్ల కరెంటుకు అక్కడ పోయేది 0.18 వోల్టులే కనుక వెలుగులో తేడా కంటికి ఆనదు. ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగితే అదే చోట 3 వోల్టులు హరించుకుపోవాలి, 450 వాట్ల వేడి పుట్టాలి. అంటే ఇంచుమించు ఇస్త్రీ పెట్టె వేడిలో సగం. నిజానికి అంత కరెంటు పారనే పారదు. మోటారు కదలక, దానికి కరెంటు కలిపే స్విచ్చయిన సోలెనాయిడ్ ఒక్కటే టిక్కుమంటుంది.

ఇంత చిన్న సందు అంత నిరోధం ఎలా తెస్తుంది? నున్నగా కనిపించే లోహాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ గుట్టలూ గోతులే. రెండు లోహాలను ఆనించినప్పుడు గుట్టల కొనలు మాత్రమే కలుసుకుంటాయి, కరెంటంతా ఆ కొద్ది చుక్కల గుండానే దూరాలి. ఈ స్పర్శ నిరోధాన్ని 20వ శతాబ్దంలో స్వీడన్ భౌతికశాస్త్రవేత్త రాగ్నర్ హోమ్ విపులంగా అధ్యయనం చేశారు. నొక్కే బలం పెరిగినకొద్దీ, లోహం మెత్తనయినకొద్దీ నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుంది. సీసం మెత్తనిది కనుక ఆ మేరకు మనకు లాభమే.

అయితే ఆ మెత్తదనమే బిగువును తినేస్తుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే 600 కెల్విన్ వద్ద కరుగుతుంది. మన గది ఉష్ణోగ్రత 300 కెల్విన్, సరిగ్గా అందులో సగం. ఇనుముకు ఈ లెక్క వేస్తే 630 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చినట్టు. అలాంటి స్థితిలో ఉన్న లోహాన్ని ఎడతెగక నొక్కి ఉంచితే అది నెమ్మదిగా ఒదిగి, ఒత్తిడి నుంచి జారుకుంటుంది. గతుకుల రోడ్ల అదురు దీనికి తోడైతే, నిరుడు గట్టిగా బిగించిన క్లాంపు ఈ ఏడు వదులవడంలో వింత లేదు.

రెండో శత్రువు చిలుము. ఛార్జింగు సమయంలో బ్యాటరీలోని నీరు విడిపోయి పుట్టే హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు ఆమ్లపు తుంపరను వెంట తెస్తాయి. అది సీసాన్ని తాకిన చోట తెల్లని లెడ్ సల్ఫేటు, ఇత్తడి క్లాంపునో రాగి తీగనో తాకిన చోట నీలి-ఆకుపచ్చ కాపర్ సల్ఫేటు పేరుకుంటాయి. వేడినీటిలో వంటసోడా కలిపి పోస్తే, ఆమ్లం తటస్థమవుతూ కార్బన్ డయాక్సైడు నురగ పొంగుతుంది. ఆ నీళ్లు సెల్లుల్లోకి చేరకుండా మూతలు బిగించి ఉండాలి. తడి ఆరాక టెర్మినల్‌నూ క్లాంపు లోపలి వైపునూ తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పెట్రోలియం జెల్లీని పైన పూయాలి. జెల్లీ పని గాలినీ తేమనూ అడ్డుకోవడమే.

విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. బండి బాడీ నెగటివ్‌కు కలిసి ఉంటుంది. ఆ క్లాంపు తీయకుండా పాజిటివ్ మీద పానా వేస్తే, అది జారి బాడీకి తగిలిన క్షణంలో వందల ఆంపియర్లు పారి మెరుపు లేస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, హైడ్రోజన్ అంటుకుంటుంది.

పట్టు దొరకలేదని కొందరు సందులో మేకు దూరుస్తారు, ఇంకొందరు క్లాంపును సుత్తితో కొట్టి దించుతారు. మేకు తాకేది ఒక గీత వెంబడే. సుత్తి దెబ్బకు టెర్మినల్ మొదట్లో సీలు చిట్లి, ఆమ్లం పైకి పాకడానికి కొత్త దారి ఏర్పడుతుంది. సన్నని టెర్మినల్‌కు సన్న క్లాంపే వేయాలి. మంచి క్లాంపును మరీ పిండినా మెత్తని సీసం నలుగుతుంది, కనుక చేత్తో తిప్పితే కదలనంత బిగువు సరిపోతుంది. అనుమానం తీరకపోతే మల్టీమీటరు మొనను ఒకటి టెర్మినల్ నెత్తిన, ఇంకొకటి క్లాంపు మీద ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించి చూడవచ్చు, అంకె 0.1 వోల్టు దాటకపోతే, లోపాన్ని ఇంకెక్కడైనా వెతకాలి.