పక్కింట్లో సున్నా ఉంటే అప్పు ఎవరిస్తారు? టీచర్ల ప్రమాణాలు, శిక్షణలపై కొన్ని అపోహలు

2025 మెగా డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో ఎంపికై మా మండలానికి వచ్చిన టీచరమ్మ ఒకావిడ, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో టీ తాగుతూ అడిగింది: "టెట్ రాశాం, డీఎస్సీ రాశాం. ఇక చదువు గొడవ వదిలినట్టే కదా మాస్టారూ?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన అందుకున్నారు. "నీకు వదిలిందేమో గానీ తల్లీ, నాకు ఇప్పుడే పట్టుకుంది." ఆయన సర్వీసు ఇరవై ఆరేళ్లు. చేతిసంచిలో కొత్త టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) గైడు.

ఆవిడ ధీమా, ఆయన దిగులు రెండూ ఒక్కచోట నుంచే పుట్టాయనిపించింది. టీచరుకు ప్రమాణం అంటే పరీక్ష అని ఇద్దరూ అనుకుంటున్నారు. నేను ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేరి ఇరవై రెండేళ్లు. కొన్నేళ్లుగా శిక్షణల్లో రిసోర్స్ పర్సన్‌గానూ వెళ్తున్నాను. శిక్షణ హాల్లో వెనక వరసలో కునికిపాట్లు పడ్డదీ నేనే, ముందు నిలబడి ఆ కునికిపాట్లు చూసిందీ నేనే. అటూ ఇటూ విన్న మాటల్లో కొన్నింటి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టెట్ పాసైతే ప్రమాణం అందుకున్నట్టే

టెట్ గడప మాత్రమే. విద్యాహక్కు చట్టం కింద జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి అయిన ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఇది వచ్చింది. మన దగ్గర మొదటి టెట్ 2011లో జరిగింది. పేపర్ 1లో 150 మార్కులు: శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కోదానికి 30. జనరల్‌కు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే పాస్. ఆంధ్రప్రదేశ్ డీఎస్సీలో దీనికి 20 శాతం వెయిటేజీ ఉంది. మొదట్లో ఏడేళ్లే చెల్లేది. 2021లో జీవితకాలం చేశారు.

ఈ మొత్తం తంతులో అభ్యర్థి ఒక్క పిల్లవాడి ముందు కూడా నిలబడడు. కనీస విషయజ్ఞానం ఉందో లేదో చూడటానికి అది సరిపోతుంది, అంతకుమించి దాన్నుంచి ఆశించకూడదు.

పెద్దాయన దిగులుకు కారణం 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. టెట్ లేకుండా పనిచేస్తున్నవాళ్లలో రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసున్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని అందులో ఉంది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగవచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే వాళ్లకూ టెట్ తప్పదు. తీర్పు తీర్పే, రాయాల్సినవాళ్లం రాస్తాం. కానీ ఇరవై ఆరేళ్లుగా పాఠం చెబుతున్న మనిషి ఎలా చెబుతున్నాడో తెలుసుకోవాలంటే ఆయన క్లాసులో వెనక బెంచీ మీద ఒక పూట కూర్చోవాలి. 150 బిట్లతో ఆ సంగతి తేలదు.

అపోహ: జాతీయ ప్రమాణాలు వస్తే ఇంక్రిమెంట్లు ఆగిపోతాయి

ఎన్‌పీఎస్‌టీ, అంటే టీచర్ల జాతీయ వృత్తి ప్రమాణాలు. ఈ పేరెత్తితే చాలు, స్టాఫ్‌రూంలో టెన్షన్ మొదలవుతుంది. నిజం చెప్పాలంటే ఇది సగం అపోహే. జాతీయ విద్యావిధానం 2020లోని 5.20 పేరా చదివినవాళ్లకు ఆ భయం ఎక్కడిదో తెలుస్తుంది. టీచరు ఏ దశలో ఏం చేయగలగాలో ఈ ప్రమాణాలు చెబుతాయని, రాష్ట్రాలు వీటిని స్వీకరించవచ్చని, సర్వీసు కాలాన్నీ సీనియారిటీనీ బట్టి కాకుండా ప్రమాణాల మీద జరిగే మదింపును బట్టే ప్రమోషన్లు, జీతాల పెంపు ఉండాలని అందులో రాసే ఉంది. 2030లో ఒకసారి, ఆ తర్వాత పదేళ్లకోసారి సమీక్షిస్తామని కూడా ఉంది.

ఇక రెండో సగం. విధాన పత్రం సర్వీసు రూల్ కాదు. రాష్ట్రం తన రూల్స్ మార్చి జీవో ఇస్తే తప్ప ఎవరి ఇంక్రిమెంటూ ఆగదు. మన ప్రమోషన్ ఇప్పటికీ సీనియారిటీ లిస్టు మీద, అర్హతల మీద, హెచ్‌ఎం పోస్టుకైతే జీవోటీ, ఈవోటీ లాంటి డిపార్ట్‌మెంటల్ టెస్టుల మీద నడుస్తోంది. ఆ టెస్టుల్లో సెలవు రూల్స్, ట్రెజరీ కోడ్ గట్టిగా అడుగుతారు. పిల్లవాడికి చదవడం ఎందుకు రాలేదో మాత్రం అడగరు. ప్రమాణాలు తెచ్చేవాళ్ల మీద అనుమానం ఉండటం మంచిదే, కానీ ఇప్పుడున్న పద్ధతిని వెనకేసుకురావడం నా వల్ల కాదు.

అపోహ: ఏడాదికి 50 గంటలంటే 50 గంటల వీడియోలు

విద్యావిధానంలోని 5.15 పేరా ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు తన వృత్తి అభివృద్ధికి పెట్టాలంటుంది. అది కూడా టీచరు సొంత ఆసక్తిని బట్టి అంటుంది. స్థానిక వర్క్‌షాపుల నుంచి ఆన్‌లైన్ మాడ్యూళ్ల దాకా అన్నీ అందులోకే వస్తాయి. సీబీఎస్‌ఈ బడుల్లో ఈ 50లో సగం బోర్డు లేదా ప్రభుత్వ సంస్థల శిక్షణ, మిగతా సగం బడిలోనే జరిగేది. 220 పనిదినాలకు పంచి చూడండి, రోజుకు పద్నాలుగు నిమిషాలు కూడా పడదు.

మనకు మాత్రం 50 గంటలంటే టీచర్ల శిక్షణ కోర్సులుండే దీక్షా యాప్ గుర్తొస్తుంది. 2019లో మొదలైన నిష్ఠ శిక్షణ కరోనా కాలంలో ఆ యాప్‌లోకి మారింది. మాడ్యూళ్లలో కొన్ని నిజంగా బాగున్నాయి, ముఖ్యంగా పునాది అక్షరాస్యత మీద చేసినవి. చూసిన తీరు మాత్రం అందరికీ తెలిసిందే. ఫోను పొయ్యి పక్కన పెట్టి, సౌండు తీసేసి, కూర కలుపుతూ ఒక కోర్సు. చివరి క్విజ్‌కు కీ వాట్సాప్ గ్రూపులో ముందే తయారు. ఆ కీ నేను కూడా ఒకసారి ఫార్వర్డ్ చేశాను, దాచుకోవడమెందుకు. సర్టిఫికెట్ వచ్చింది. ఆ కోర్సు పేరు ఇప్పుడు అడిగితే చెప్పలేను.

దీనికి టీచర్ల బద్ధకమే కారణమంటే ఒప్పుకోను. ఎన్ని కోర్సులు పూర్తయ్యాయని మండల విద్యా కేంద్రం, ఎమ్మార్సీ నుంచి రోజూ లిస్టు అడుగుతారు. క్లాసులో ఏం మారిందని ఒక్కసారీ అడగరు. అడిగినదానికే కదా ఎవరైనా లెక్క చెప్పేది.

అపోహ: ఇన్నేళ్ల అనుభవం ఉంది, ఇంకేం నేర్చుకోవాలి

ఇది నా సొంత అపోహ కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ఒకసారి మా కాంప్లెక్స్ హెచ్‌ఎంగారు "ఈసారి ఉపన్యాసాలొద్దు, ఎవరి క్లాసు నోటుబుక్కులు వాళ్లు పట్టుకురండి" అన్నారు. నేను మూడో తరగతి పిల్లలవి ఇరవై ఎనిమిదీ మోసుకెళ్లాను. అందులో లెక్క 402 – 178. జవాబు 224. సరిగ్గా చేసినవాళ్లు తొమ్మిది మంది. ఇద్దరు వదిలేశారు. మిగతా పదిహేడు మందికీ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి, కింద "మళ్లీ చేయి" అని రాసి ఉంది. నా రాతే.

పక్క బడి మేడం ఆ పుస్తకాలు తిరగేసి, తప్పుల్ని రెండు దొంతర్లుగా పెట్టింది. ఆరుగురు 376 వేశారు. పదకొండు మంది 234 వేశారు. "మాస్టారూ, పదకొండు మందీ ఒకే తప్పు చేశారంటే అది పిల్లల తప్పు కాదేమో" అంది, నవ్వుతూనే.

376 వేసినవాళ్లది తేలిగ్గానే దొరికింది. ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు: ఎనిమిదిలోంచి రెండు, ఏడులోంచి సున్నా, నాలుగులోంచి ఒకటి. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని రెండో తరగతిలో చెప్పింది మేమే.

234 దగ్గర చాలాసేపు ఆగాం. నేను చెప్పే పద్ధతి మీలో చాలామంది చెప్పేదే. "రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో." మరి పక్కింట్లో సున్నా ఉంటే? "అయితే దాని పక్కింటికెళ్లు." పిల్లలు చెప్పినట్టే చేశారు. నాలుగు దగ్గరికెళ్లి ఒకటి తెచ్చారు. దాన్ని సున్నాకు పదిగా ఇచ్చారు, రెండుకూ పదిగా ఇచ్చారు. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు, పదిలోంచి ఏడు పోతే మూడు, మూడులోంచి ఒకటి పోతే రెండు. తెచ్చిన అప్పు వంద, పంచింది నూటపది. జవాబులో సరిగ్గా పది ఎక్కువ రావడానికి కారణం అదే. నా పక్కింటి కథలో తెచ్చింది ఎంతో ఎక్కడా లేదు. అందుకే పిల్లలు ఒక్క అప్పును రెండిళ్లకూ పంచేశారు.

మర్నాడు చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తీసుకెళ్లాను. వంద పుల్లల పెద్ద కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు. పెద్ద కట్ట లోపల పది చిన్న కట్టలుండేలా ముందే కట్టించాను. ఒక పిల్లవాణ్ణి పిలిచి 178 పుల్లలు ఇవ్వమన్నాను. పెద్ద కట్ట ఒకటి విప్పాడు, పది చిన్న కట్టలొచ్చాయి. విడి పుల్లలు ఇంకా రెండే. నా మొహం చూశాడు. నేనేం మాట్లాడలేదు. చిన్న కట్టల్లో ఒకటి తీసి విప్పాడు. విడివి పన్నెండయ్యాయి. మిగిలిన కట్టలు లెక్కపెట్టి, "సార్, ఇక్కడ తొమ్మిదే ఉన్నాయి" అన్నాడు.

సున్నా కొట్టేసి పైన 9 వేయడం నేను ఏళ్ల తరబడి బోర్డు మీద చేస్తున్నదే. ఆ తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పూట దాకా నా క్లాసులో ఎవరికీ తెలియలేదు. వారం తర్వాత 500 – 236 ఇస్తే తప్పు చేసినవాళ్లు నలుగురు. ఆ నలుగురితో నెలాఖరు దాకా కూర్చున్నాను. ఒకమ్మాయికి ఇంకా తడబాటు ఉంది.

లెక్క రావడం వేరు, ఆ లెక్కలో మూడో తరగతి పిల్లలు ఎక్కడ పడిపోతారో తెలియడం వేరు. మొదటిది నాకు డీఈడీ (టీచర్ ట్రైనింగ్)కి ముందే వచ్చు. రెండోది పుస్తకాలు బల్ల మీద పరిచి, మరో టీచరు చూస్తే గానీ రాలేదు. ఆ కూర్చున్నది నలభై నిమిషాలు. అది ఏ యాప్‌లోనూ ఎక్కలేదు.

మా సీనియర్లు దీన్ని విని "ఇందులో కొత్తేముంది" అంటారు. వాళ్ల మాటా నిజమే. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, ఏపీపీఈపీ, టీచర్ సెంటర్లు పెట్టింది. చుట్టుపక్కల టీచర్లంతా అక్కడ చేరి కృత్యాలు తయారు చేసేవారట. ఇప్పటి కాంప్లెక్స్ మీటింగులకు ఒక విధంగా అమ్మమ్మ అది. మధ్యలో ఎక్కడో మాట్లాడుకోవడం తగ్గి, సర్క్యులర్లు చదివి వినిపించడం పెరిగింది.

అపోహ: క్లాసు చూడటానికి వచ్చారంటే తప్పు పట్టడానికే

ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన సాల్ట్ అనే బడి చదువుల పథకంలో, క్లాసు పరిశీలనకు వాడే టీచ్ టూల్ వచ్చింది. పరిశీలకుడు వెనక కూర్చుని, పిల్లలు పనిలో ఉన్నారా, అర్థమైందో లేదో టీచరు చూస్తున్నాడా, పిల్లలకు ఆలోచించే ప్రశ్నలు పడుతున్నాయా అని గమనించి స్కోరు వేస్తాడు. కాగితం మీద చూస్తే మంచి సాధనమే. మనవాళ్లు మాత్రం అతను రాగానే చార్టులు దించుతారు, ముందే తయారు చేసి పెట్టుకున్న పాఠం మొదలుపెడతారు. పరిశీలకుడు స్కోరు అప్‌లోడ్ చేసి వెళ్లిపోతే, చూసింది టీచరుతో పది నిమిషాలు మాట్లాడకపోతే, అది తనిఖీయే. పేరు మార్చినంత మాత్రాన కాకుండా పోదు.

దీని మీద మన రాష్ట్రంలోనే చేసిన ప్రయోగం ఒకటుంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బడుల టీచర్లకు పిల్లల బలాలు, లోపాలు చూపే పరీక్షా నివేదికలు ఇచ్చారు, క్లాసులు కూడా పరిశీలింపజేశారు. 2010లో అచ్చయిన ఫలితం ఇదీ: పరిశీలకులు చూస్తున్నప్పుడు ఆ టీచర్లు ఎక్కువ కష్టపడుతూ కనిపించారు. పిల్లల మార్కులు మాత్రం మిగతా బడుల పిల్లల కంటే పెరగలేదు. అదే ఇద్దరి మరో ప్రయోగంలో, మార్కులు పెరిగితే బోనస్ ఇస్తామన్న బడుల్లో మార్కులు పెరిగాయి. దాని మీద వాదన చాలా ఉంది, అది వేరే రోజుకు. నాకు మొదటిదే ఎక్కువ గుర్తుంటుంది. నివేదిక టీచరు చేతికి అందడానికీ, దాన్ని పట్టుకుని రేపటి పాఠం మార్చుకోవడానికీ మధ్య చాలా పని ఉంటుంది. ఆ పనికి పక్కన తోడు మనిషి ఉండాలి.

అపోహ: పాఠం తయారీ సొంత టైములో చేసుకోవాల్సింది

కాదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో టీచరుకు వారానికి కనీసం 45 పని గంటలు రాశారు, తయారీ సమయాన్ని కలిపే. అంటే పుల్లలు కట్టలు కట్టడం కూడా డ్యూటీయే. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, యాప్‌లో ఫొటోలు ఆ టైమును ఎంత తినేస్తున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అపోహ: ఇదంతా గవర్నమెంటు టీచర్లకే

సీబీఎస్‌ఈ అనుబంధం ఉంటే ప్రైవేటు బడికీ 50 గంటలు వర్తిస్తాయి. టీచరుకు కనీస అర్హతలు పెట్టే చట్టం కూడా అందరికీ ఒకటే. ప్రైవేటులో చేసే నా స్నేహితులకు శిక్షణ అంటే వేసవి సెలవుల్లో జీతం లేని వారం. వాళ్ల దగ్గర నేను ఈ విషయం ఎత్తను.

ఇక టీచరమ్మ అడిగినదానికి జవాబు నేనింకా బాకీ ఉన్నాను. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కు ఆమె ఐదో తరగతి నోటుబుక్కులు తెస్తోంది. 612 ÷ 6కు పిల్లల్లో తొమ్మిది మంది 12 అని వేశారట. "సున్నా ఎక్కడికి పోయిందో తెలియట్లేదు మాస్టారూ" అని ఫోన్ చేసింది. పుల్లలు నేను పట్టుకొస్తానన్నాను. పెద్దాయన కూడా వస్తున్నారు, టెట్ గైడుతో సహా.