అసలు కంటే వడ్డీ ముద్దు సరే, వడ్డీకి పుట్టిన వడ్డీ సంగతేమిటి?

మా పై వాటాలో ఉండే తెలుగు మాస్టారు పోయిన వారం ఒక ఎఫ్‌డీ రసీదు పట్టుకుని కిందికి దిగారు. లక్ష రూపాయలు, 7 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు. గడువు తీరేనాటికి వచ్చేది 2,00,160 అని అచ్చు వేసి ఉంది. "ఏడు పదులు డెబ్బై. లక్షా డెబ్బై వేలు కావాలి కదా అబ్బాయ్, మిగతా ముప్ఫై వేల నూట అరవై ఎవరిచ్చారు?" అన్నారు. చక్రవడ్డీ మాస్టారూ, అన్నాను. "పేరు నాకూ తెలుసయ్యా, అవి ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పు" అన్నారు.

చాలా మంచి ప్రశ్న ఇది. బడిలో మనకు చెప్పిన సూత్రం ఉంది చూడండి, అసలును ఒకటి ప్లస్ వడ్డీ రేటుతో ఎన్ని ఏళ్ళయితే అన్నిసార్లు హెచ్చవేయడం, దానితో లెక్క తప్పకుండా వస్తుంది కానీ అందులో డబ్బంతా ఒకే ముద్దగా ఉబ్బుతూ కనిపిస్తుంది, ఏ రూపాయి ఎవరికి పుట్టిందో కనబడదు. పిల్లలకు ఆ సూత్రం చెప్పే ముందు ఒక్కసారైనా ఆ ముద్దను విడదీసి చూపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మనవల మీద ప్రేమ గురించి చెప్పేటప్పుడు అసలు కంటే వడ్డీ ముద్దు అంటాం కదా. ఆ మాటనే పట్టుకుందాం. మీరు వేసిన లక్ష తల్లి. దానికి పుట్టిన వడ్డీ కూతురు. ఆ కూతురికి పుట్టింది మనవరాలు, తర్వాత మునిమనవరాలు. బారువడ్డీలో కూతుళ్ళు మాత్రమే ఉంటారు, వాళ్ళకు పిల్లలు పుట్టరు. చక్రవడ్డీ అంటే వంశం మొత్తం.

లెక్క సులువు కోసం ఏడాదికి 10 శాతం అనుకుందాం. తల్లికి ఏటా 10,000 చొప్పున పదేళ్ళలో లక్ష రూపాయల కూతుళ్ళు. ఇక మనవరాళ్ళు. మొదటి ఏడు పుట్టిన 10,000 మీద ఆ తర్వాతి తొమ్మిదేళ్ళూ వెయ్యి చొప్పున 9,000 పుడతాయి. రెండో ఏటి కూతుళ్ళకు ఎనిమిదేళ్ళే మిగిలాయి, 8,000. మూడో ఏటివాళ్ళకు 7,000. అలా తొమ్మిదో ఏటివాళ్ళకు వెయ్యి, పదో ఏటివాళ్ళకు ఏమీ లేదు. తొమ్మిది నుంచి ఒకటి దాకా కూడితే 45, అంటే 45,000. ఇక్కడ ఆగి ఒక్కటి గమనించండి. మనవరాలు పుట్టాలంటే రెండు వేర్వేరు సంవత్సరాలు కావాలి, ఒకటి కూతురు పుట్టడానికి, తర్వాతిదొకటి ఆ కూతురికి పిల్ల పుట్టడానికి. పదేళ్ళలోంచి రెండేళ్ళను ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో అన్ని వేలు. మునిమనవరాళ్ళకు మూడేళ్ళు ఎంచుకోవాలి, 120 విధాలు, ఒక్కో విధానికి వంద రూపాయలు, 12,000.

ఇంతవరకు చెప్పేసరికి మాస్టారు నా చేతిలోంచి కాగితం లాక్కున్నారు. "ఇది మేరు ప్రస్తారం కదయ్యా!" అన్నారు. అవును, అదే, పద్యపాదంలో గురువులు, లఘువులు ఎన్ని రకాలుగా కుదురుతాయో చెప్పే అంకెల పట్టిక. పది అక్షరాల పాదంలో ఒక్క గురువుంటే 10 రకాలు, రెండు గురువులుంటే 45, మూడయితే 120, తర్వాత 210, 252. పింగళుడి ఛందస్సూత్రాలకు పదో శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యలో ఈ మేరువు కట్టే పద్ధతి ఉంది, పాస్కల్ త్రిభుజం అని కాలేజీలో చెప్పేది దీన్నే, పాస్కల్ కంటే ఇది దాదాపు 700 ఏళ్ళ ముందుది. కొత్త తరం పుట్టిన ఏడు గురువు, పుట్టని ఏడు లఘువు అనుకోండి, అప్పుడు డిపాజిట్‌లో ఉన్న ప్రతి రూపాయికీ గురులఘువులతో ఒక పాదం ఉంటుంది, దాని జాతకం ఆ పాదమే. అన్నీ లఘువులైతే అది తల్లి లక్ష. పదీ గురువులైతే ఏటా ఒక తరం చొప్పున పుట్టిన పదో తరం, దాని విలువ పైసాలో వెయ్యో వంతు. అన్ని తరాలూ కలిపితే 2,59,374 రూపాయలు. సూత్రంలో వేసి చూసుకోండి, అంతే వస్తుంది.

ఇప్పుడు మాస్టారి రసీదు. మన బ్యాంకులు ఇలాంటి ఎఫ్‌డీకి మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి, అంటే పదేళ్ళలో 40 సార్లు, ఒక్కోసారి 1.75 శాతం. కూతుళ్ళు 70,000, మాస్టారు వేసిన ఏడు పదుల లెక్క ఇదే. మనవరాళ్ళు 23,888. మునిమనవరాళ్ళు 5,295. ఆ కింది తరం 857, తర్వాత 108, తర్వాత 11, ఆఖర్న ఒక రూపాయి. కూతుళ్ళను వదిలేసి మిగతావి కూడండి, 30,160. ఎవరో ఇచ్చిన డబ్బు కాదది.

ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. వడ్డీని మళ్ళీ వడ్డీకి తిప్పే లెక్కకు ఆర్యభటుడు 499లోనే సూత్రం ఇచ్చాడు. దానికి 629లో ఒకటో భాస్కరుడు వ్యాఖ్య రాస్తూ ఇచ్చిన ఉదాహరణ ఇలా ఉంటుంది. నూటికి నెల వడ్డీ ఎంతో తెలియదు. ఆ వడ్డీని అదే రేటుకు నాలుగు నెలలు తిప్పితే, వడ్డీ, దాని మీద వడ్డీ కలిపి ఆరు అయింది. అయితే నెల వడ్డీ ఎంత? అయిదు. అయిదు కూతురు, దాని మీద నాలుగు నెలలకు పుట్టిన ఒకటి మనవరాలు. ఎక్స్ స్క్వేర్ ఉండే సమీకరణం చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు కనబడలేదు, పాఠ్యపుస్తకంలో ఉండాల్సిన లెక్క ఇది.

అయిదేళ్ళ డిపాజిట్‌లో చక్రవడ్డీ మహిమ ఏదీ కనబడదేం అని చాలామంది అడుగుతారు. అక్కడ కూతుళ్ళదే రాజ్యం, మనవరాళ్ళు ఇంకా నేల మీద పాకుతున్నారు. వడ్డీ 10 శాతమైతే మనవరాళ్ళు కూతుళ్ళతో సమానమయ్యేది సరిగ్గా 21వ ఏట, 7 శాతమైతే ఇంకా ఆలస్యం, 30వ ఏట దాటిపోతారు. అదే 10 శాతాన్ని 30 ఏళ్ళకు పొడిగిస్తే కూతుళ్ళు 3 లక్షలు, మనవరాళ్ళు 4.35 లక్షలు, మునిమనవరాళ్ళు 4.06 లక్షలు, ఆ కిందివాళ్ళు 2.74 లక్షలు, మొత్తం 17.45 లక్షలు. బారువడ్డీ అయితే 4 లక్షల దగ్గర ఆగిపోయేది. 10 శాతం ఇప్పుడెక్కడుంది అంటారేమో, నిజమే, పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రం 1988లో మొదలైనప్పుడు 66 నెలల్లో రెట్టింపయ్యేది, అంటే ఏడాదికి 13 శాతం పైచిలుకు, 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన 7.5 శాతానికి 115 నెలలు పడుతుంది.

పన్ను దగ్గర కూడా తరాల లెక్కే పనికొస్తుంది. వడ్డీ చేతికి రాకపోయినా ఏటా దాన్ని ఆదాయం కింద లెక్క కడతారు. పుట్టిన వడ్డీలో 30 శాతం ఏటా డిపాజిట్‌లోంచే పోయిందనుకోండి, కూతుళ్ళలో 70 శాతం మిగులుతారు, మనవరాళ్ళలో 49, మునిమనవరాళ్ళలో 34, ఎందుకంటే ప్రతి తరం దగ్గరా ఒకసారి కోత పడుతుంది. 30 ఏళ్ళకు 17.45 లక్షలు కావాల్సింది 7.61 లక్షలవుతుంది. పన్ను 30 శాతమే, లాభంలో పోయింది 60 శాతం.

మాస్టారు ఈ డిపాజిట్ వేయడానికి మంచిరోజు కోసం ఒక వారం ఆగారట. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను, కానీ లెక్క మాత్రం చెప్పాను. ఫలానా తేదీకి డబ్బు కావాలి అనుకున్నప్పుడు మొదట్లో వారం ఆలస్యం చేస్తే పోయేది చివరి వారం. మొదటి వారం లక్ష మీద వచ్చేది 134 రూపాయలు. చివరి వారం రెండు లక్షల మీద వచ్చేది 268.

వెళ్ళబోతూ ఆయన ఆ ఆఖరి రూపాయి మీద వేలు పెట్టి ఇదెన్నో తరం అని అడిగారు. ఏడో తరం, నిజానికి అది 94 పైసలు. 40 అక్షరాల పాదంలో ఏడు గురువులు కుదిరే విధాలు 1,86,43,560, అన్ని దారుల్లో పుట్టి చేరితే ఆ 94 పైసలు అయ్యాయి. మాస్టారు ఆ అంకెను రసీదు వెనక రాసుకుని పైకి వెళ్ళారు.