దవడ ఆపరేషన్, గురక: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుర్రుపెట్టి పడుకున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టే.

మొన్న ఓపీలో ఒకావిడ, భర్త నిద్రలో ఉండగా తీసిన వీడియో చూపించారు. పెద్ద గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఛాతీ ఎగిసిపడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. కాసేపటికి ఉలిక్కిపడి గుటకలు మింగుతూ ఊపిరి తీసుకున్నాడు. ఇది స్లీప్ అప్నియా. స్లీప్ స్టడీలో, అంటే రాత్రి నిద్రలో శ్వాసను నమోదు చేసే పరీక్షలో, శ్వాస ఇలా గంటకు 30 సార్లు, ఆపైన ఆగుతున్నా తగ్గుతున్నా జబ్బు తీవ్రంగా ఉన్నట్టు.

అపోహ: దవడ ఆపరేషన్ ముఖం అందానికే.

నాలుకను ముందుకు లాగి ఉంచే కండరం గడ్డం ఎముకకు లోపలివైపు అతుక్కుని ఉంటుంది. మెత్తటి అంగిలి పై దవడను పట్టుకుని వేలాడుతుంది. రెండు దవడలనూ కోసి సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి టైటానియం ప్లేట్లతో బిగిస్తే, ఎముకతో పాటే నాలుక, అంగిలి ముందుకొస్తాయి. గొంతు వెనక గాలి దారి తెరుచుకుంటుంది. కోతలన్నీ దాదాపు నోటి లోపలే. కింది పెదవికి తిమ్మిరి మాత్రం చాలామందికి కొన్ని నెలలుంటుంది, కొందరికి పూర్తిగా పోదు. ఈ మాట ముందే చెప్పాలి.

అపోహ: దవడ ఎటు జరిపినా ఒకటే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చిందని వెనక్కి నెడితే నాలుకకు చోటు తగ్గుతుంది, గాలి దారి ఇరుకవుతుంది. అందరికీ అప్నియా వస్తుందని కాదు. కానీ ముందే గురక, అధిక బరువు ఉన్నవాళ్ల విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వీలైతే పై దవడను ముందుకు తెచ్చి, కింది దవడను తక్కువ నెడతాం. పెళ్లిచూపుల ముందు కూతుర్ని తీసుకొచ్చే తల్లులు, పిల్లకు గురక ఉందని చెప్పడానికి సంకోచిస్తారు. దయచేసి దాచకండమ్మా, ప్లాన్ అంతా దాని మీదే మారుతుంది.

అపోహ: అప్నియా లావుగా ఉన్నవాళ్లకే.

చిన్నప్పుడు గడ్డం మీద పడి దవడ కీలు అతుక్కుపోయిన పిల్లలను చూడండి. బక్కపలచగా ఉంటారు, కింది దవడ ఎదగదు, రాత్రంతా ఊపిరికి పెనుగులాటే. వాళ్లకు ఎముక కోసి పరికరం అమర్చి, రోజూ మర తిప్పుతూ దవడను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున పొడిగిస్తాం.

అపోహ: ఆపరేషన్ అయితే సీప్యాప్ మిషన్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు తెరిచి ఉంచేది) పక్కన పడేయొచ్చు.

రెండు దవడలూ ముందుకు జరిపినవాళ్లలో 100కి సుమారు 85 మందికి జబ్బు బాగా తగ్గుతుంది. శ్వాస ఆగడం, తగ్గడం గంటకు 5 సార్ల లోపుకు వచ్చేది మాత్రం సుమారు 40 మందికే. అందుకే వాపు దిగాక, సుమారు 6 నెలలకు మళ్లీ స్లీప్ స్టడీ చేయించి, ఆ రిపోర్టు చూశాకే మిషన్ సంగతి తేలుస్తాం.