చీటీ లేని మందు: ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది?

గుంటూరు కొత్తపేటలో మందుల షాపుకొచ్చేవాళ్ల చేతిలో డాక్టరు చీటీ ఉంటుంది. ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఊళ్లలోకి పోతే చీటీ బదులు మాట ఉంటుంది: "బాబూ, రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోంది, రెండు పూటలకి ఇవ్వు." షాపాయన వయసడుగుతాడు, దగ్గుందా అంటాడు. స్ట్రిప్పులోంచి నాలుగు బిళ్లలు కత్తిరించి కాయితం కవర్లో వేసి, పైన పెన్నుతో గీతలు గీస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది.

ఈ నమ్మకానికి మూలం కాంపౌండరు. అప్పట్లో మందు కొనేది కాదు, కలిపించుకునేది. ఇంటి నుంచి సీసా పట్టుకెళ్తే మిక్చరు పోసి, మోతాదుకో గాటు పెట్టిన కాయితపు పట్టీ అంటించేవాడు. డాక్టరు ఊళ్లో లేని రోజు ఆయనే వైద్యుడు.

నకిలీ, కల్తీ మందుల మీద 1930లో వేసిన చోప్రా కమిటీ తర్వాత 1940లో ఔషధ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. అనుభవమున్న కాంపౌండర్లకు తొలి రిజిస్టర్లలో చోటిచ్చారు. మందు ఇచ్చే హక్కు దక్కింది, రాసే హక్కు దక్కలేదు. ఆ గీత చట్టంలో పడిందిగానీ ఊళ్లో ఎవరికీ కనపడలేదు.

చట్టంలో షెడ్యూల్ హెచ్ అనే జాబితాలో ఉన్న మందుల మీద రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేనిదే అమ్మరాదని అచ్చేస్తారు. పొడి అక్షరాల్లో ఆర్.ఎం.పి. మన ఊళ్లలో ఆర్.ఎం.పి. అంటే ఏ మెడికల్ కౌన్సిల్లోనూ పేరు లేని మనిషి! చట్టం ఒకరి గురించి చెబుతుంటే ఊరు ఇంకొకరి గురించి వింది.

2014 నుంచి ఇంకాస్త కఠినమైన జాబితా, షెడ్యూల్ హెచ్1 అమలైంది. కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. చీటీయే లేనిచోట ఆ డాక్టరు గడిలో ఏం రాస్తారో అడక్కూడదు.

బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టులు 2006 నుంచి సొంతంగా మందులు రాస్తున్నారు. ఇక్కడ 2008లో మొదలైన ఫార్మ్‌డి, అంటే ఫార్మసీలో ఆరేళ్ల డాక్టర్ కోర్సు, చదివినవాళ్లకూ ఆ హక్కు లేదు. వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ చాలా షాపుల్లో సర్టిఫికెట్ గోడకుంటుంది, దాని తాలూకు మనిషి ఉండడు. జనం నమ్మేది ఫార్మసిస్టుని కాదు, రోజూ కనిపించే ముఖాన్ని.

గుంటూరు వెళ్లాలంటే ఒక రోజు కూలీ, ఆటో, ఫీజు, ఆపైన పరీక్షలు. ఊళ్లోనే విలేజ్ క్లినిక్ పెట్టి, నర్సింగ్ చదివినవాళ్లను కూర్చోబెట్టారు, మంచిదే. అది సాయంత్రానికి మూతపడుతుంది. పిల్లాడి జ్వరం దీపాలు పెట్టాక పెరుగుతుంది, అప్పటికి సగం షట్టరు ఎత్తి ఉండేది మందుల షాపే.