తీన్మార్ ఎవరిది? సినిమా పాటకు అవతలి హైదరాబాద్

ఆషాఢంలో బోనాలు ఎత్తారంటే గల్లీగల్లీలో తీన్మార్ మోగుతుంది. ఆ దరువు వింటే కాలు నిలవదు. పెళ్లి బారాత్‌కూ అదే, గణేశ్ నిమజ్జనానికీ అదే. మాస్ పాట కావాలంటే సినిమావాళ్లూ ఆ దరువునే అరువు తెచ్చుకుంటారు. అది ఎక్కడిదని పిల్లల్ని అడిగితే మాత్రం ఏదో సినిమా పేరు చెబుతారు. నా చేత ఇది రాయిస్తున్నది ఆ జవాబే.

తీన్మార్ మర్ఫా అనే డప్పు మేళంలోని ఒక దరువు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఆ వాద్యాన్ని ఇక్కడ నాటారు. అరబ్బు సిపాయిల బ్యారక్సే జనం నోట్లో నలిగి పాతబస్తీ పక్కన బార్కస్ అనే పేట అయింది. మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, సిద్దీల అశ్వదళం. డఫ్, డోలు, స్టీలు బిందె, కర్రలు ఉంటే చాలు, మేళం సిద్ధం. కొలువు పోయింది, గుర్రాలు పోయాయి, దరువు మాత్రం ఊరందరిదీ అయింది.

ఇంత సొంత సంగీతం ఉన్న ఊళ్లో పాట అంటే సినిమా పాటే అన్న అర్థం ఎలా స్థిరపడింది?

మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అంతకుముందు గ్రామఫోన్‌లో జనం ఎగబడి విన్నవి నాటక పద్యాలు. ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ పట్టేది. మన పాట నిడివిని నిర్ణయించింది రాగమూ కాదు, కవీ కాదు, ఆ లక్క పళ్లెం. రికార్డులు పోయినా ఆ కొలత చెవిలో ఉండిపోయింది. రాత్రంతా సాగే కథాగానం వినలేకపోవడానికి మన ఓపిక తగ్గిపోవడమే కారణం అనుకుంటాం గానీ, ఆ ఓపికను తొంభై ఏళ్లుగా ముక్కలు చేస్తూ వచ్చారు.

రేడియో కథ ఇంకా ముఖ్యం. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి.కేస్కర్ సినిమా పాటలు చౌకబారువని ఆకాశవాణిలో వాటికి కోత పెట్టారు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. శ్రోతలు ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే శ్రీలంక స్టేషన్ రేడియో సిలోన్ పట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న సినిమా పాటలకు చోటిచ్చే వివిధ భారతి మొదలుపెట్టి ఆకాశవాణి దిగిరాక తప్పలేదు. కేస్కర్‌కు సంగీతం మీద ఉన్న ప్రేమను నేను శంకించను. కానీ వినొద్దంటే చెవి అటే తిరుగుతుంది. అప్పటి నుంచి సినిమా కాని సంగీతం అంటే బలవంతంగా తాగించే కషాయం అన్న ముద్ర పడింది. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు.

అదే కాలంలో మన హైదరాబాద్ స్టేషన్ మంచి దారి కూడా చూపింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి లాంటి కవి అక్కడ కొలువులో ఉండేవారు. లలిత సంగీతం అనే కొత్త పందిరి కింద మంచి కవిత్వానికి బాణీలు కట్టారు. ‘ఈ పాట నేర్చుకుందాం’ కార్యక్రమంలో సంగీతకర్త చిత్తరంజన్ గారు పాటను చరణం చరణంగా నేర్పేవారు. వినేవాళ్లు కాగితం, కలం పట్టుకుని కూర్చునేవారు. కోత కన్నా ఆ ఓపికైన పిలుపే ఎక్కువ మందిని కదిలించిందని నా నమ్మకం.

2006లో ప్రైవేటు ఎఫ్‌ఎం నగరానికి వచ్చింది. వాటికి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆదాయమంతా ప్రకటనల మీద. శ్రోత స్టేషన్ మార్చకుండా ఉండాలంటే అందరికీ తెలిసిన కొత్త సినిమా పాటే వేయాలి. పైగా సినిమా పాట వెనక సినిమా ప్రచారానికి పెట్టే డబ్బు ఉంటుంది. ఒగ్గు కథ వెనక ఎవరున్నారు? ఇప్పుడు ఫోన్‌లోని యాప్‌లు నిన్న విన్నదాన్ని పోలినదే ఇవాళ వడ్డిస్తున్నాయి.

సినిమా పాటను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. శాస్త్రీయం నేర్చినవాళ్లే దానికి ప్రాణం పోశారు. అయితే మన సొంత సంగీతాన్ని అది వినిపించేది గుక్కెడే. జానపద గాయకుడు దర్శనం మొగిలయ్య మీటే తీగవాద్యం, పన్నెండు మెట్ల కిన్నెర, 2021లో ‘భీమ్లా నాయక్’ పాటలో వినిపించింది, మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతు సినిమాలో ఎంతసేపు వినిపించింది? ఆయన పాడే పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను కూర్చుని విన్నవాళ్లు ఎందరు? కిన్నెర పలికే తీరు, మధ్యలో వచనం, మళ్లీ పాటలోకి జారడం, అవన్నీ పట్టాలంటే ఆ కథ అడిగినంత సమయం ఇవ్వాలి. చుక్క సత్తయ్య ఒగ్గు కథా అంతే. మల్లన్న కథ చెబుతూ తానే దేవుడై, తానే గొల్లవాడై, డోలు మారినప్పుడల్లా మనిషి మారిపోయేవాడు.

ఈ ఊరి సంపద ఇంకా ఉంది. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న రామదాసై కీర్తనలు పాడుకున్నాడని చెప్పుకుంటాం. ఖిల్లాకు వెళ్లినవాళ్లు ఆ గది దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. ఆయన పేరిట అక్కడ రోడ్డు ఉంది, రోజూ ఆ సిగ్నల్ దగ్గర ఎఫ్‌ఎం వింటూ ఆగుతాం. పాతబస్తీ కవ్వాలీకి అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లోనే పద్మశ్రీ తెచ్చారు. ఆ ఇంటి మనవలు ఇప్పటికీ పాడుతున్నారు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం పూట కచేరీలు జరుగుతుంటాయి. చాలావాటికి టికెట్ ఉండదు. నేను వెళ్లిన రోజుల్లో ముందు వరుసల్లోనే కుర్చీలు దొరికాయి. వయొలిన్ కమాను తీగను తాకే ముందు కళాకారుడు పీల్చే ఊపిరి కూడా అక్కడి నుంచి వినిపించింది.