రెక్క పైకి లేవట్లేదా? భుజం నొప్పి మీద అపోహలు - వాస్తవాలు

వైజాగ్ కంచరపాలెంలో ఫిజియోథెరపీ క్లినిక్ నాది. ఇక్కడ భుజం నొప్పి అని పుస్తకంలోలాగ ఎవరూ చెప్పరు, "రెక్క లాగేస్తంది బాబూ" అంటారు, లేదంటే "జబ్బ పట్టేసింది" అంటారు. రెక్కాడితేగానీ డొక్కాడని జనమే ఎక్కువ, హార్బర్‌లో చేపలు కొని బేసిన్ నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగే అక్కలు, పూర్ణా మార్కెట్లో మూటలు ఎత్తేవాళ్ళు, పెయింటర్లు, వెల్డర్లు, ఈ మధ్యయితే లాప్‌టాప్ ముందు పన్నెండు గంటలు కూర్చునే కుర్రాళ్ళు కూడా. నా దగ్గరకి వచ్చేలోపు పక్కింటోళ్ళు, మెడికల్ షాపు, యూట్యూబ్ మూడూ అయిపోతాయి. అక్కణ్ణుంచి మోసుకొచ్చిన మాటలే రోజూ వినీ వినీ, ఒకసారి రాసి పడేస్తే పోలా అనిపించింది.

అపోహ: భుజం నొప్పంటే ఫ్రోజెన్ షోల్డరే

ఇది నంబర్ వన్. లోపలికి అడుగు పెడుతూనే "నాకు ఫ్రోజెన్ షోల్డర్ అండీ, ఎక్సర్‌సైజులు చెప్పండి" అంటారు, జబ్బు వాళ్ళే తేల్చేసుకుని ఉంటారు.

మొన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒకాయన వచ్చారు. మోచెయ్యి నడుముకి ఆనించి, ట్రే పట్టుకున్నట్టు ముందుకి మడవమన్నాను. మోచెయ్యి కదలకుండా చేతిని బయటి వైపుకి తిప్పమన్నాను, తలుపు తెరిచినట్టు. బాగున్న చెయ్యి శుభ్రంగా తెరుచుకుంది. నొప్పి చెయ్యి ఇంత కదిలి ఆగిపోయింది. "మీరు వదిలెయ్యండి, నేను తిప్పుతాను" అని మణికట్టు పట్టుకుని నెమ్మదిగా తిప్పితే, సరిగ్గా అక్కడే ఆగింది, లోపల గడియ పెట్టిన తలుపులాగ. ఆయన తిప్పినా అంతే, నేను తిప్పినా అంతే. ఇదీ ఫ్రోజెన్ షోల్డర్ అంటే. కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది, అది వాచి, దళసరెక్కి, బిగుసుకుపోతుంది, అందుకే ఎవరు తిప్పినా రాదు.

అదే రోజు సాయంత్రం జాలారిపేట నుంచి ఒక అక్క వచ్చింది. ఆవిడదీ ఫ్రోజెన్ షోల్డరే అన్నారట ఎవరో. చెయ్యి పక్క నుంచి ఎత్తమంటే భుజం ఎత్తు దాకా కూడా రాకుండా "ఓలమ్మో" అని ఆగిపోయింది. నేను కింద నా చెయ్యి పెట్టి ఎత్తితే మాత్రం చక్కగా చెవి పక్కకి వెళ్ళిపోయింది, వదిలేస్తే నిలబెట్టలేక దబ్బున పడేసింది. అంటే కీలు బానే ఉంది, ఎత్తేవాళ్ళకే దెబ్బ. భుజం బంతిని గుంటలో సరిగ్గా పట్టి ఉంచే నాలుగు కండరాలుంటాయి, రొటేటర్ కఫ్ అంటాం, వాటి చివర తాళ్ళు అరిగినా చిరిగినా ఇలాగే ఉంటుంది. ఈవిడకి ఆయన ఎక్సర్‌సైజులు చెప్తే ఇంకేమన్నా ఉందా, బిగుసుకోని కీలుని ఇంకా సాగదీయడం తప్ప జరిగేదేం లేదు.

మూడో రకం కూడా ఉంది. మీరు ఎత్తినా నేను ఎత్తినా భుజం ఫుల్లుగా తిరుగుతుంది, నొప్పి మాత్రం పోదు. అప్పుడు దొంగ మెడలో దాక్కున్నాడేమో చూడాలి. నొప్పి మోచెయ్యి దాటి కిందకి దిగుతోందా, వేళ్ళల్లో తిమ్మిర్లు ఉన్నాయా, మెడ తిప్పితే ఎక్కువవుతోందా అని. మెడలోనూ దొరకకపోతే ఇంకా లోపలికి వెళ్ళాలి, ఆ సంగతి చివర్లో చెప్తాను.

అందుకే నేను నొప్పి పదికి ఎంత అని అడగడం దాదాపు మానేశాను. ఒకరి పది ఇంకొకరి నాలుగు. జడ వేసుకోగలుగుతున్నారా, వెనక హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా, సిటీ బస్సులో పై రాడ్ అందుతోందా, వెనక జేబులోంచి పర్సు తీస్తున్నారా, ఇవి చెప్పండి చాలు, చెయ్యి ఏ పని దగ్గర ఆగుతోందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

అపోహ: సముద్రం గాలికి, ఏసీకి పట్టేస్తుంది

వైజాగ్‌లో పుట్టి సముద్రం గాలి పడదంటే ఎలాగండీ. చలికి కండరాలు బిగిసినట్టు అనిపించొచ్చు, కాదనను, కానీ ఫ్రోజెన్ షోల్డర్ ఏసీ వల్ల రాదు. అనుమానించాల్సింది షుగర్‌ని. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ, థైరాయిడ్ తేడా ఉన్నవాళ్ళకీ ఎక్కువే, వయసు మామూలుగా 40 నుంచి 60 మధ్య, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి ఎక్కువ. ఏ దెబ్బా తగలకుండా భుజం దానంతటదే బిగుసుకుపోయిందంటే డాక్టరు గారికి చెప్పి మూడు నెలల షుగర్ టెస్టు, అదే హెచ్‌బీఏ1సీ, ఒకసారి చేయించుకోండి. భుజం కోసం వచ్చి షుగర్ బయటపడినవాళ్ళు నా దగ్గరే ఉన్నారు.

అపోహ: పళ్ళు బిగబట్టి తిప్పితేనే విడుతుంది

దీనికి నేనే సాక్షిని, ముద్దాయిని కూడా. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకమ్మ చేతిని బలవంతంగా పైకి సాగదీశాను, ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటున్నా "కొంచెం ఓర్చుకోండమ్మా" అంటూనే ఉన్నాను. వారం తర్వాత వచ్చింది, రాత్రిళ్ళు నిద్రే లేదు, ముందున్న కదలిక కూడా తగ్గిపోయింది. ఆవిడది మొదటి దశ అని నేను చూసుకోలేదు. ఫ్రోజెన్ షోల్డర్ మూడు దశల్లో నడుస్తుంది. మొదట నొప్పి ఎక్కువ, ముఖ్యంగా రాత్రి, ఆ పక్కకి తిరిగి పడుకోలేరు. తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆ తర్వాత మెల్లగా విడుతుంది. మొత్తం ఒకటి నుంచి మూడేళ్ళు పట్టొచ్చు, వారంలో విడగొడతాం అనే బోర్డు కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. మొదటి దశలో మండుతున్న కీలుని లాగితే ఇంకా మండుతుంది. బలంగా సాగదీయడం రెండో దశ నుంచి.

అలాగని చేతిని మెళ్ళో గుడ్డకట్టి వేలాడేసుకుని నెలరోజులు కదపకుండా కూర్చోవడం ఇంకో తప్పు, కదపని భుజం ఇంకా బిగుస్తుంది. మొదటి దశలో నేను చెప్పేది ఒకటే. బాగున్న చేత్తో టేబుల్ పట్టుకుని ముందుకి వంగి, నొప్పి చేతిని తాడులాగ వదిలెయ్యండి, ఒంటిని కొంచెం ఊపితే చెయ్యి దానంతటదే ఊగాలి, చేత్తో ఊపకూడదు. గోడ గడియారం లోలకంలాగ, రెండు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. ఎక్సర్‌సైజు అయ్యాక నొప్పి కాసేపటికి సర్దుకుంటే పర్లేదు, రాత్రంతా సలిపిందంటే డోసు ఎక్కువైందని. పడుకునేటప్పుడు బాగున్న వైపు తిరిగి, నొప్పి చేతి కింద దిండు పెట్టుకోండి. ఈ దిండు సంగతి చెప్పినందుకే స్వీట్లు పట్టుకొచ్చినవాళ్ళు ఉన్నారు.

అపోహ: ఇంజెక్షన్ వేస్తే భుజం పాడైపోతుంది

ఒకటి వేస్తే పాడవదు. మొదటి దశలో నొప్పి భరించలేనివాళ్ళకి కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా ఉపశమనం ఇస్తుంది, ఆ టైములో ఎక్సర్‌సైజు కూడా మొదలెట్టుకోవచ్చు. మాటిమాటికీ వేయించుకోకూడదు, అంతే. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి వేసే డాక్టరుకి ముందే చెప్పాలి, ఇంట్లో చెక్ చేసుకుంటూ ఉండాలి. నన్నడిగితే భయపడాల్సింది దీనికి కాదు, మెడికల్ షాపులో చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కుని మింగే నొప్పి బిళ్ళలకి. కిడ్నీకి, కడుపుకి, బీపీకి అవే చేటు.

అపోహ: ముందు ఎమ్మారై తీయించేస్తే తేలిపోతుంది

తేలదు. అరవై దాటినవాళ్ళల్లో ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా కఫ్‌లో చిరుగు కనిపించడం మామూలే. జుట్టు నెరిసినట్టు అదీ. ముందు చేత్తో పరీక్ష చేయించుకోండి, ఏం వెతకాలో తెలిశాక అవసరమైతే డాక్టరే రాస్తారు.

అపోహ: జారిన భుజాన్ని లాగిస్తే కూర్చుంటుంది, ఆస్పత్రి ఎందుకు

కబడ్డీలో పడో, బండి మీంచి పడో భుజం జారితే గుండ్రంగా ఉండాల్సింది చదునుగా అయిపోతుంది. అప్పుడు ఫ్రెండో, మాలీష్ చేసే ఆయనో లాగకూడదు. పక్కనే నరం, పెద్ద రక్తనాళం ఉన్నాయి, ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే లేకుండా ఎవరికీ తెలీదు. ఉన్నది ఉన్నట్టు చేతికి ఆసరా ఇచ్చి క్యాజువాల్టీకి తీసుకెళ్ళండి. పడ్డాక ఆకారం మారకపోయినా చెయ్యి ఎత్తలేకపోతే అదీ ఆగే కేసు కాదు, కఫ్ కండరం తాడు తెగి ఉంటే నెలలు గడిచేకొద్దీ కండరం వెనక్కి లాక్కుపోయి కుట్టడం కష్టమవుతుంది.

సంక్రాంతి ముందు ఇంటి బూజులు దులిపి భుజం పట్టేసిందనుకోండి, దానికి కంగారు అక్కర్లేదు, బరువులు తగ్గించి, కాపడం పెట్టుకుని, మెల్లగా కదుపుతూ రెండు వారాలు చూడొచ్చు, తగ్గకపోతే రండి. కానీ జ్వరంతోపాటు భుజం వాచి ఎర్రగా వేడిగా అయితే అదే రోజు డాక్టరు దగ్గరకి వెళ్ళాలి, కీలులో చీము ఉండొచ్చు. చెయ్యి చచ్చుబడుతున్నా, గడ్డ తగిలినా, బరువు తగ్గిపోతూ రాత్రీ పగలూ ఒకేలా సలుపుతున్నా, మరీ ముఖ్యంగా బీడీలు చుట్టలు కాల్చేవాళ్ళయితే, ఫిజియోథెరపీ తర్వాత సంగతి, ముందు డాక్టర్ని కలవండి.

అపోహ: భుజం నొప్పంటే భుజంలోనే ఉంటుంది

ఇందాక చెప్తానన్నది ఇదే. లోపలి అవయవాల నరాలు, భుజం నరాలు వెన్నులో దగ్గర దగ్గరగా కలుస్తాయి, అపార్ట్‌మెంట్లో రెండు ఫ్లాట్ల బెల్లు ఒకదానికొకటి కలిసిపోయినట్టు, మోగేది ఇక్కడ, మనిషి నిలబడింది అక్కడ. పిత్తాశయంలో రాళ్ళుంటే కుడి భుజం, కుడి రెక్క ఎముక దగ్గర లాగొచ్చు, అదీ నూనె సరుకు తిన్నాక. గుండెదయితే ఎక్కువగా ఎడమ భుజం, ఎడమ చెయ్యి, దవడ, కుడి వైపు కూడా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి ఛాతీలో నొప్పే తెలీకపోవచ్చు.

ఒక ఆటో అన్న ఓ పొద్దున్నే వచ్చి "మాలీష్ చెయ్యి బాబూ, రాత్రి నుంచి ఎడం రెక్క లాగేస్తంది, గ్యాసేమో" అన్నాడు. చెయ్యి పట్టుకుని అన్ని వైపులా తిప్పాను, ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నొప్పి పెరగలేదు. మెట్లెక్కితే ఎక్కువైందట. ఫ్యాన్ కింద కూర్చుని కూడా చొక్కా తడిసిపోయింది. తన ఆటోలోనే పోతానంటే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేశాను. గుండెపోటే, స్టెంట్ వేశారు.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు, అదే ఎడం రెక్క. గుండె డాక్టరు చూసి గుండెది కాదని పంపించారంట. భయానికి ఆ చేతిని అన్నాళ్ళూ కదపలేదు, షుగర్ కూడా ఉంది. మోచెయ్యి నడుముకి ఆనించి బయటికి తిప్పమన్నాను. ఇంత కదిలి ఆగిపోయింది. నేను తిప్పినా అక్కడే ఆగింది.